మయూరి కాలు, సైబోర్గ్ కళ: కీలు ఎవరి చేతిలో?

సింగపూరు తూర్పు కొసన, విమానాశ్రయానికి దగ్గరలోనే చాంగీ బిజినెస్ పార్క్ ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటగానే అక్కడి బ్యాంకుల సాంకేతిక విభాగాల నుంచి జనం గుంపులుగా భోజనాలకు బయటికొస్తారు. మెడలో గుర్తింపు కార్డు, చెవిలో ఇయర్‌ఫోన్, మణికట్టుకు వాచీ, చేతిలో ఫోను. ఆ గుంపుల్లో తెలుగు కోసం చెవులు రిక్కించి వెతకనక్కర లేదు. ఆమధ్య ఒకరోజు అక్కడ మా మేనల్లుడితో కలిసి భోజనానికి కూర్చున్నాను. అతను చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద ఉన్నవాడు. జబ్బకు రూపాయి బిళ్లంత సెన్సర్ అంటించుకున్నాడు. చర్మం కింది ద్రవంలో గ్లూకోజు ఎంతుందో కొలిచి అది ఫోనుకు పంపుతుంది. రెండు వారాలకొకసారి మార్చాలి. అన్నం కలపబోతూ ఆగి, ఫోను చూసుకుని, "మావయ్యా, ఇది పెట్టుకున్నాక నాకు ఆకలేస్తోందో లేదో కూడా ఫోను చూస్తేగాని తేలడం లేదు" అని నవ్వాడు.

ఆ పరికరం విలువ వైద్యుడిగా నాకు తెలుసు. నిద్రలో చక్కెర పడిపోతే ఉదయం లేస్తారో లేదోనని తల్లిదండ్రులు పిల్లల పక్కన జాగారం చేసిన రోజులు చూశాను. పడిపోకముందే మోగి లేపే యంత్రం వచ్చిందంటే అది చిన్న విషయం కాదు. అయినా అతని మాట నన్ను వదల్లేదు. ఆకలి అంటే శరీరం తనతో తాను చెప్పుకునే మాట. ఆ మాట ఇప్పుడు ఒక కంపెనీ చేసిన పరికరం గుండా, ఎక్కడో ఉన్న సర్వర్ గుండా చుట్టు తిరిగి అతని దగ్గరికి చేరుతోంది.

అదే నగరంలో, మెరీనా బే ఒడ్డునున్న ఆర్ట్‌సైన్స్ మ్యూజియంలో 2017లో 'హ్యూమన్ ప్లస్' అనే ప్రదర్శన జరిగింది. అంతకుముందు 2011లో డబ్లిన్‌లోను, 2015లో బార్సిలోనాలోను జరిగిన ప్రదర్శన అది. మనిషి యంత్రంతో కలిసిపోతే ఏమవుతాడన్నది దాని విషయం. ఈ విషయం మీద పనిచేసే కళాకారులను ఇప్పుడు సైబోర్గ్ కళాకారులని, వారి పనిని సైబోర్గ్ కళ అని పిలుస్తున్నారు. ఈ కళను గురించి నాకున్న అభ్యంతరం ఒక్కటే. అది యంత్రం శరీరంలో చేరే క్షణాన్ని చూసినంత శ్రద్ధగా, చేరిన తరువాతి జీవితాన్ని చూడదు. ఆ యంత్రాన్ని ఎవరు బాగుచేస్తారు, ఎవరు తీయగలరు, దానికి తెలిసింది ఇంకెవరికి తెలుస్తుంది అన్న ప్రశ్నలు దాని చూపు నుంచి తరచు జారిపోతాయి. మన భాషలో ఈ ప్రశ్నలన్నిటికీ ఒకే మాట ఉంది: కీలు.

మాట పుట్టుక

'సైబోర్గ్' అన్న మాట 1960లో పుట్టింది. మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ కలిసి ఆస్ట్రోనాటిక్స్ పత్రికకు రాసిన వ్యాసంలో దాన్ని వాడారు. మొదటివాడు పరికరాల రూపకర్త, పియానో విద్వాంసుడు కూడా. రెండవవాడు మానసిక వైద్యుడు. అంతరిక్షంలోకి భూమి వాతావరణాన్ని మోసుకుపోయే కన్నా, అక్కడి వాతావరణానికి తగినట్టు మనిషి శరీరాన్నే మార్చవచ్చు కదా అన్నది వారి ప్రతిపాదన. ఆ వ్యాసంలో ఒక ఎలుక బొమ్మ ఉంది. బరువు 220 గ్రాములు. దాని చర్మం కింద అమర్చిన చిన్న పంపు, ఎలుకకు తెలియకుండానే, మందును కొద్దికొద్దిగా శరీరంలోకి వదులుతుంది.

ఆ "తెలియకుండానే" అన్నదే ఆ నిర్వచనానికి ప్రాణం. యంత్రం తన పని తాను చేసుకుపోవాలి, దాని ధ్యాస మనిషికి ఉండకూడదు, అప్పుడే అతను ఆలోచనకూ అన్వేషణకూ ఖాళీగా ఉంటాడని వారి భావం. అంటే తొలి సైబోర్గ్ లక్షణం ప్రదర్శన కాదు, మరపు. పేస్‌మేకర్ పెట్టించుకున్న మనిషి దాని ఊసే మరచి మనవడిని ఎత్తుకుంటే మేము చికిత్స ఫలించిందంటాం.

అయితే ఒకరు మరచిపోవాలంటే ఇంకొకరు గుర్తుపెట్టుకోవాలి. సైబోర్గ్ అన్న మాట పుట్టడానికి రెండేళ్ల ముందే, 1958లో, స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి ప్రపంచంలో తొలిసారి పేస్‌మేకర్‌ను శరీరం లోపల అమర్చారు. తయారుచేసినవాడు రూనె ఎల్మ్‌క్విస్ట్, అమర్చిన సర్జన్ ఓకె సెనింగ్. ఆ మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం 2001 దాకా బతికాడు, తయారుచేసినవాడి కన్నా, అమర్చినవాడి కన్నా ఎక్కువ కాలం. ఆ నలభై మూడేళ్లలో ఆయనకు ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చారు. ఆయన కథలో అద్భుతం 1958 నాటి శస్త్రచికిత్స ఒక్కటే కాదు. ఆ తరువాత అన్నిసార్లు మార్చడానికి ఒక ఆసుపత్రి, ఒక వర్క్‌షాపు, ఒక దేశపు వైద్య వ్యవస్థ నిలిచి ఉండడం అంతకన్నా పెద్ద అద్భుతం. దీన్ని ఏ మ్యూజియమూ గాజుపెట్టెలో పెట్టి చూపలేదు.

కీలు

తెలుగులో కీలు అంటే మోకాలిలో ఉండేదీ, తలుపుకు ఉండేదీ. కీళ్ల నొప్పులు, కీళ్ల మార్పిడి అంటూ మేము రోజూ వాడే మాటే కీలుబొమ్మలోను, కీలుగుర్రంలోను ఉంది. 1949లో మీర్జాపురం రాజావారి దర్శకత్వంలో వచ్చిన సినిమా పేరు కూడా కీలుగుర్రమే. కిటుకు అనే అర్థంలోనూ ఈ మాట వాడతాం. కీలెరిగి వాత పెట్టాలంటారు. ఇవన్నీ మనవాళ్లు ముందే కనిపెట్టేశారని చెప్పడం నా ఉద్దేశం కాదు. శరీరంలో అతుకునూ యంత్రంలో అతుకునూ మన భాష వేరుచేయలేదనీ, ఆ అతుకు ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్నను మాత్రం వదల్లేదనీ గమనించమంటున్నాను. కీలుగుర్రం ఎక్కినవాడి చేతిలో కీలు ఉంటుంది. కీలుబొమ్మ కీలు ఇంకొకరి చేతిలో ఉంటుంది. రెండూ యంత్రాలే, రెంటికీ కీళ్లున్నాయి. తేడా అంతా చేతిలో ఉంది.

సైబోర్గ్ కళను కొలవడానికి నాకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు.

కొక్కేలు, కావడి

ఈ కళకు పెద్ద దిక్కు స్టెలార్క్. సైప్రస్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడినవాడు. మనిషి శరీరానికి కాలం చెల్లిందన్నది అతని ప్రసిద్ధ ప్రకటన. 1970, 80 దశకాల్లో చర్మానికి కొక్కేలు గుచ్చుకుని గాలిలో వేలాడాడు. 1980 నాటికి కండరాల విద్యుత్ సంకేతాలతో కదిలే మూడో చేతిని తయారుచేయించుకున్నాడు. తరువాత ముంజేతి మీద చెవి ఆకారాన్ని శస్త్రచికిత్సతో పెంచుకోవడం మొదలుపెట్టాడు. అందులో మైకు పెట్టి, అది వినేది ఇంటర్‌నెట్ ద్వారా ఎక్కడివారైనా వినేలా చేయాలన్నది అతని ఆలోచన. పెట్టిన మైకును ఇన్‌ఫెక్షన్ వల్ల తీసేయవలసి వచ్చింది.

విమర్శకులు స్టెలార్క్ ధైర్యం గురించి చాలా రాశారు. నాకు ఆ ఇన్‌ఫెక్షన్ ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తుంది. కాలం చెల్లిందని అతను తీర్మానించిన శరీరమే తన ఒప్పుదల లేనిదాన్ని బయటికి నెట్టింది. ఆ కళాఖండంలో అందరికన్నా నిజాయితీగా మాట్లాడింది ఆ చీమే.

సింగపూరులో ఉంటున్న తెలుగువారికి ఒంట్లో దిగిన లోహం కొత్త దృశ్యం కాదు. ఏటా తైపూసం నాడు సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి ట్యాంక్ రోడ్డులోని దండాయుధపాణి గుడి దాకా కావడి మోసేవారు శూలాలు గుచ్చుకుని నడుస్తారు. స్టెలార్క్ కొక్కేలకూ ఈ శూలాలకూ పోలిక పైపైనే ఉంది. కావడి మోసేవాడు ఒంటరిగా నడవడు. పక్కన బంధువులూ మిత్రులూ ఉంటారు, నీళ్లిస్తారు, అడుగు తడబడితే పట్టుకుంటారు, గుడి చేరాక శూలాలు తీస్తారు. గుచ్చడానికి ఎంత పద్ధతి ఉందో తీయడానికీ అంత ఉంది. స్టెలార్క్‌ను వేలాడదీసినవారూ ఉన్నారు, దింపినవారూ ఉన్నారు. కాని మనకు మిగిలిన ఛాయాచిత్రాల్లో వారు కనిపించరు, ఆకాశంలో ఒంటరి శరీరం మాత్రమే కనిపిస్తుంది. ఆ ఒంటరితనం ఫొటో చట్రం కల్పించిన భ్రమ.

1985

1985లో రెండు సంఘటనలు జరిగాయి. కాలిఫోర్నియాలో డోనా హారవే సైబోర్గ్ మీద తన ప్రఖ్యాత వ్యాసాన్ని ప్రచురించింది. మనిషికీ జంతువుకూ, ప్రాణికీ యంత్రానికీ మధ్య కట్టిన దడులు కూలిపోయాయని, స్త్రీలు ఈ కూలడాన్ని చూసి భయపడనక్కర లేదని ఆమె వాదం. ఆమె సైబోర్గుల్లో ఆసియాలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో చిప్పులు అతికే ఆడవాళ్లు కూడా ఉన్నారు. తరువాత ఆ వ్యాసం పేరు చెప్పుకున్న కళాకారుల్లో చాలామంది ఈ భాగాన్ని మరచిపోయారు.

అదే ఏడు తెలుగులో 'మయూరి' వచ్చింది. రామోజీరావు నిర్మాత, సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు. సుధా చంద్రన్ తన కథలో తానే నటించింది. 1981 మే నెలలో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో ఆమె గాయపడింది. గాయం కుళ్లడంతో కుడికాలిని మోకాలి కింద తీసేయవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు నిండలేదు. జైపూర్ కాలు పెట్టించుకుని, సాధన చేసి, 1984 జనవరిలో బొంబాయిలో మళ్లీ వేదిక ఎక్కింది. సినిమాలో ఆమె నటనకు జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది.

సైబోర్గ్ కళ గురించి ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాల్లో నేను చూసినంతలో ఈ సినిమా ప్రస్తావన లేదు. ఉండవలసింది. ఎందుకంటే ఆ నాట్యంలో కెమెరా చూపేది నటి వేసుకున్న వేషం కాదు, నిజంగానే రబ్బరు పాదం. అరమండిలో కూర్చుని నేలను తట్టడమే భరతనాట్యానికి పునాది. తట్టినప్పుడు నేల తిరిగి ఏం చెప్పిందో అరికాలు వింటుంది. కృత్రిమ పాదానికి ఆ వినికిడి లేదు. మిగిలిన కాలి మొన మీద సాకెట్ ఒత్తిడిని బట్టి, చెవిన పడే చప్పుడును బట్టి ఆ నర్తకి నేలను ఊహించుకోవాలి. మొన చర్మం బరువు మోయడానికి పుట్టింది కాదు, కాబట్టి ఒరుసుకుంటుంది, చిట్లుతుంది, నెత్తురొస్తుంది. మూన్ రీబాస్ అనే స్పానిష్ నర్తకి, భూమి మీద ఎక్కడ భూకంపం వచ్చినా కంపించే సెన్సర్లను ఒంట్లో అమర్చుకుని, ఆ కంపనాన్ని బట్టి వేదిక మీద కదిలింది. ఆలోచన అందమైనది. కాని ఎక్కడో వచ్చే భూకంపాన్ని తెలుసుకునే నర్తకి పక్కన, తన కింది నేలే తెలియని పాదంతో తాళం తప్పని నర్తకిని నిలిపి చూస్తేగాని మనిషి, యంత్రం కలయిక అంటే ఏమిటో పూర్తిగా అర్థం కాదు.

'మయూరి'కి లోపం లేదనను. కాలు పోయిన అమ్మాయి, తప్పుకున్న ప్రేమికుడు, ఆత్మబలంతో గెలుపు అనే చట్రంలో యంత్రం కరిగిపోతుంది. ప్రేక్షకుడు హాలు నుంచి సంకల్పాన్ని మోసుకుని బయటికొస్తాడు, పాదాన్ని మరచిపోతాడు. ఆ పాదానికి తనదైన కథ ఉంది. 1968 ప్రాంతంలో జైపూర్‌లో ఎముకల వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ, ఎక్కువ చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ కలిసి దాన్ని రూపొందించారు. అప్పటి విదేశీ పాదం బూటు లోపల ఉండడానికి చేసింది. దానితో గొంతుకూర్చోలేరు, బాసింపట్టు వేయలేరు, చెప్పుల్లేకుండా పొలంలో నడవలేరు. శర్మ, సేఠీ చేసిన పాదం చెక్క, స్పాంజి, రబ్బరుతో, టైర్లకు రబ్బరు పట్టించే పద్ధతిలో తయారైంది. దానితో గుడికి వెళ్లవచ్చు, బురదలో దిగవచ్చు. అరిగితే తక్కువ ఖర్చులో ఇంకొకటి చేయించుకోవచ్చు. ఎవరి చేతికి అందే కీలు కావాలో తెలిసిన ఇద్దరు చేసిన యంత్రం అది. నా దృష్టిలో ఆ పాదమే గత శతాబ్దంలో మన దేశం చేసిన గొప్ప సైబోర్గ్ కళాఖండం.

రెండు ద్వారాలు

నీల్ హార్బిసన్ పుట్టుకతో రంగులు కనిపించని చిత్రకారుడు, సంగీతకారుడు. రంగును ధ్వనిగా మార్చే పరికరాన్ని తలకు తగిలించుకున్నాడు. తరువాతి కాలంలో వైద్య నైతిక సంఘాలు ఒప్పుకోకపోయినా, పేరు బయటపెట్టని వైద్యుల చేత యాంటెనాను పుర్రె ఎముకకే అమర్చుకున్నాడు. 2004లో బ్రిటిష్ పాస్‌పోర్టు ఫొటోలో ఎలక్ట్రానిక్ పరికరం ఉండకూడదని అధికారులు అభ్యంతరం పెట్టారు. అది పరికరం కాదు, నా శరీరభాగం అని అతను వాదించాడు, చివరికి వారు ఒప్పుకున్నారు. ప్రభుత్వం గుర్తించిన తొలి సైబోర్గ్ అన్న పేరు అలా వచ్చింది. 2010లో మూన్ రీబాస్‌తో కలిసి సైబోర్గ్ ఫౌండేషన్ పెట్టాడు.

హార్బిసన్ చిత్రాలను, ధ్వని రచనలను నేను తక్కువ చేయను. పుట్టుకతో లేనిదాన్ని సరిదిద్దుకోవడంతో ఆగకుండా, మన కళ్లకు కనిపించని పరారుణ, అతినీలలోహిత కిరణాలను కూడా అతను వినగలిగేలా చేసుకున్నాడు. వైకల్యం, సామర్థ్యం అనే మా వైద్యుల లెక్కను అది తలకిందులు చేసింది. మరి ఆ పాస్‌పోర్టు సంఘటన పక్కన ఇంకొక సంఘటన పెట్టి చూడాలి. 2021 అక్టోబర్‌లో సుధా చంద్రన్ ఒక వీడియోలో ప్రధానమంత్రికి విన్నవించుకుంది. తాను విమానాశ్రయానికి వెళ్లిన ప్రతిసారీ భద్రతా తనిఖీలో కృత్రిమ కాలు తీసి చూపమంటున్నారని, ఇది మానవసాధ్యమేనా అని, తనలాంటివారికి ఏదైనా కార్డు ఇవ్వమని అడిగింది. భద్రతా దళం క్షమాపణ చెప్పింది.

ఒకరి యంత్రాన్ని శరీరమని పాస్‌పోర్టు ఒప్పుకుంది. ఇంకొకరు ముప్పై ఏడేళ్లుగా నాట్యమాడిన కాలును తనిఖీ బల్ల సామాను అనుకుంది. సైబోర్గ్ కళ సాధించానని చెప్పుకునే గుర్తింపు ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో ఈ రెండు ద్వారాల దగ్గర తెలుస్తుంది. కావాలని తగిలించుకున్నవాడు కళాకారుడు, తప్పనిసరై పెట్టుకున్నది వికలాంగురాలు అన్న విభజనను ఈ కళ చెరిపేయవలసింది. తెలియకుండానే దాన్ని గట్టిపరచింది.

చేయి ఎవరిది

డిజిటల్ కళాకారుల దగ్గరికి వస్తే యంత్రం ఒంట్లోకి దిగదు, చేతివాటంలోకి దిగుతుంది. సూగ్వెన్ చుంగ్ అనే చైనీస్ కెనేడియన్ చిత్రకారిణి 2015 నుంచి రోబో చేతులతో కలిసి బొమ్మలు గీస్తోంది. మొదటి రోబో ఆమె గీతను అప్పటికప్పుడు అనుకరించేది. తరువాతి రోబోకు ఆమె ఏళ్ల తరబడి గీసిన బొమ్మలతోనే శిక్షణ ఇచ్చారు. కాన్వాసు మీద ఆమె చేయి ఆగినచోట రోబో చేయి అందుకుంటుంది, అది తప్పినచోట ఆమె సర్దుకుంటుంది. చూస్తుంటే ఎవరు గీశారో చెప్పలేం. అయినా మనకు అనుమానం రాదు, ఎందుకంటే ఆ యంత్రం నేర్చుకున్నది ఆమె దగ్గర, ఆమె అనుమతితో. కీలు ఆమె చేతిలోనే ఉంది.

మాట రాస్తే బొమ్మ గీసే యంత్రాల సంగతి వేరు. 2023 జనవరిలో సారా ఆండర్సన్, కెల్లీ మెకర్నన్, కార్లా ఒర్టీజ్ అనే ముగ్గురు చిత్రకారులు స్టెబిలిటీ ఏఐ, మిడ్‌జర్నీ, డీవియంట్‌ఆర్ట్ కంపెనీల మీద అమెరికాలో దావా వేశారు. తమ బొమ్మలను అడగకుండా వాడుకుని ఆ యంత్రాలకు శిక్షణ ఇచ్చారన్నది వారి అభియోగం. చట్టం ఏం తేలుస్తుందన్నది అలా ఉంచితే, కళావిమర్శకు అది అందించిన ప్రశ్న స్పష్టంగా ఉంది. చుంగ్ రోబోలోనూ మనిషి చేతివాటమే ఉంది, ఈ యంత్రాల్లోనూ మనిషి చేతివాటమే ఉంది. ఇక్కడ మాత్రం ఆ చేతులు వేలాదిమందివి, కీలు ఇంకొకరిది. మనిషీ యంత్రమూ ఏకమయ్యాయని అనుకునేముందు ఏ మనిషి, ఎవరి యంత్రం అని అడగాలి.

కంపెనీ మూతపడితే

ఇది కళకు మాత్రమే సంబంధించిన తగవు కాదు. రెటీనా దెబ్బతిని చూపు పోయినవారికి ఆర్గస్ 2 అనే పరికరం కొద్దిపాటి వెలుగునూ ఆకారాలనూ ఇచ్చేది. సెకండ్ సైట్ అనే అమెరికన్ కంపెనీ తయారుచేసింది. యూరపులో 2011లో, అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ప్రపంచమంతటా 350 మందికి పైగా దాన్ని కంట్లో అమర్చుకున్నారు. 2019లో కంపెనీ దాని తయారీ ఆపింది, 2020లో దివాలా అంచుకు చేరింది. కంట్లో యంత్రం ఉంది, దాన్ని బాగుచేసేవారు లేరు. చెడిపోతే మళ్లీ చీకటే. ఎమ్మారై తీయాలన్నా లోపలున్న పరికరం గురించి ఎవరిని అడగాలో తెలియని స్థితి వచ్చింది. లార్సన్‌కు ఇరవైసార్లకు పైగా దొరికింది వీరికి ఒక్కసారీ దొరకలేదు.

యంత్రానికి తెలిసింది ఎవరికి తెలుస్తుందన్న ప్రశ్నకు సింగపూరువాసులకు సొంత అనుభవమే ఉంది. 2020లో కోవిడ్ కాలంలో ట్రేస్‌టుగెదర్ యాప్, ఆ తరువాత మెడలో వేసుకునే టోకెన్ వచ్చాయి. వ్యాధి సోకినవారికి దగ్గరగా ఎవరు మెలిగారో తెలుసుకోవడానికే అన్నారు. ఆ సమాచారాన్ని నేరవిచారణలో పోలీసులు కూడా అడగవచ్చని 2021 జనవరిలో పార్లమెంటులో వెల్లడైంది. విమర్శ రావడంతో ఫిబ్రవరిలో చట్టం చేసి ఏడు రకాల తీవ్ర నేరాలకు పరిమితం చేశారు. ఆ టోకెన్ ఉపయోగపడిందని వైద్యుడిగా ఒప్పుకుంటాను. కాని మెడలో వేసుకున్న రోజున మనం ఒప్పుకున్నది ఒకటి, తరువాత తెలిసింది ఇంకొకటి.

ఈ రెండు సంఘటనలూ కళకు కావలసిన వస్తువే. కంట్లో నిలిచిపోయిన, ఎవరూ పలకని యంత్రంతో బతికే మనిషి కన్నా గాఢమైన సైబోర్గ్ పాత్ర ఏముంటుంది? మన కథల్లో ఇన్సులిన్ పంపు పెట్టుకున్న కోడలు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లవాడు, పేస్‌మేకర్ బ్యాటరీ గడువు లెక్కపెట్టుకునే తాతగారు ఇంకా రావలసినంతగా రాలేదు. మరమనిషి వచ్చాడు, శాస్త్రవేత్త వచ్చాడు, రాజ్యమేలే కంప్యూటర్ వచ్చింది. అతుకుతో బతికే మామూలు మనిషికి చోటు దొరకలేదు.

మ్యూజియంలో ప్రతి కళాఖండం పక్కన ఒక చిన్న చీటీ ఉంటుంది. కళాకారుడి పేరు, సంవత్సరం, వాడిన పదార్థాలు అందులో రాస్తారు. యంత్రాన్ని శరీరంలో కలిపే కళాఖండాల చీటీలో ఇంకొక్క వరుస చేర్చాలని నా కోరిక: చెడిపోతే బాగుచేసేది ఎవరు? స్టెలార్క్ చెవి పక్కన, హార్బిసన్ యాంటెనా పక్కన, మయూరి కాలి పక్కన ఆ వరుస ఉంటే మనం ఆ పనులను వేరుగా చదువుతాం. చాంగీలో ఆరోజు భోజనం అయ్యాక మా మేనల్లుడు లేస్తూ, సెన్సర్ గడువు మర్నాటితో తీరుతుందని, కొత్తది ఇంకా రాలేదని చెప్పాడు. రాకపోతే ఏం చేస్తావని అడిగాను. "పాత పద్ధతే మావయ్యా, వేలు గుచ్చుకుంటాను" అన్నాడు.